తెలియకముందే ‘తెలుసు’ అనడం

పోయిన దసరా సెలవులకి మా పెద్దమ్మగారబ్బాయి యూటా నుంచి వచ్చాడు. సాల్ట్ లేక్ సిటీకి కొంచెం దక్షిణంగా లీహై అని ఒక ఊరుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు బోలెడున్న ఏరియా. అన్నయ్య ఉద్యోగం అక్కడే. తణుకులో మా మేడ మీద చాపేసుకుని కూర్చున్నప్పుడు ఒక సంగతి చెప్పాడు. వాళ్ల టీమ్‌లో ఒక ఆరడుగుల తెల్లాయన ఉన్నాడట. టీమ్ లంచ్‌కి ఒక తైవాన్ వాళ్ల హోటల్‌కి వెళ్తే ఈయన ఓనరమ్మతో గడగడా చైనీస్ మాట్లాడేశాడట. ఆవిడ ఆశ్చర్యపోయి వంటగదిలోంచి వాళ్లాయన్ని పిలుచుకొచ్చి మరీ చూపించిందట. ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటే “మిషన్‌లో” అన్నాడట.

“మిషన్ అంటే?” అన్నాను.

“మోర్మన్లురా. పద్దెనిమిదేళ్లు రాగానే రెండేళ్లు మత ప్రచారానికి వెళ్తారు. సొంత డబ్బుతో. నువ్వేమో పంతొమ్మిదేళ్లొచ్చి ఇక్కడ రీల్స్ చూస్తున్నావ్” అన్నాడు అన్నయ్య.

ఆ దెబ్బకి నిజంగానే రీల్స్ మానేశా. కాకపోతే మోర్మన్ కుర్రాళ్ల వీడియోలు చూడ్డం మొదలైంది, అది వేరే విషయం. అన్నయ్య తిరిగి వెళ్లాక ఆ టీమ్మేట్‌తో ఒకసారి వీడియో కాల్ కూడా కలిపాడు. గంట మాట్లాడాడాయన, చాలా ఓపికగా. ఈ వ్యాసంలో సగం ఆ గంటలోంచి వచ్చిందే.

ముందు రెండు ముక్కల్లో పరిచయం. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే ఆయన మొదలుపెట్టిన క్రైస్తవ శాఖ ఇది. వాళ్లకి బైబిల్‌తో పాటు మోర్మన్ గ్రంథము అని ఇంకో పుస్తకం ఉంది. మోర్మన్లు అన్న పేరు ఇప్పుడు వాళ్లకి అంత ఇష్టం లేదు. 2018 నుంచి పూర్తి పేరే వాడమంటున్నారు. తెలుగులో అయితే ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. (ఆ పేరు తెలుగులో ఉందని తెలిసి ఆశ్చర్యపోయా. మోర్మన్ గ్రంథానికీ తెలుగు అనువాదం ఉంది. ఇంకో మాట: వాళ్లు ‘స్టేక్’ అని పిలిచే ప్రాంతీయ విభాగం భారతదేశంలో మొదటిసారి ఏర్పడింది మన హైదరాబాద్‌లోనే, 2012లో.) పేరు పొడుగైపోతుంది కాబట్టి పాత అలవాటు ప్రకారమే రాస్తున్నా, ఎవరినీ చిన్నబుచ్చాలని కాదు.

ఇప్పుడు అసలు కథ. అదే 2012 అక్టోబరులో మిషన్‌కి వెళ్లే వయసు తగ్గించారు. అబ్బాయిలకి 19 నుంచి 18కి, అమ్మాయిలకి 21 నుంచి 19కి. అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు. ఎక్కడికి వెళ్లాలో వీళ్లు ఎంచుకోరు. అప్లికేషన్ పెడతారు, సాల్ట్ లేక్ సిటీలో పెద్దలు నిర్ణయిస్తారు. మా అన్నయ్య టీమ్మేట్ వెళ్లింది 2016లో. అప్పటికి ఇంకా పోస్టులో పెద్ద తెల్ల కవరు వచ్చేది. చుట్టాలందరినీ ఇంటికి పిలిచి, ప్రపంచ పటం గోడకి తగిలించి, ఎవరు ఏ దేశం అని ఊహించారో పిన్నులు గుచ్చి, అప్పుడు కవరు చించారట. తైవాన్‌లో తైచుంగ్ అని వచ్చింది. వాళ్ల నాయనమ్మ బ్రెజిల్ మీద పిన్ను గుచ్చిందట, పాపం. 2018 తర్వాత ఆ కవరు కూడా ఆన్‌లైన్ అయిపోయింది.

జీతం లేదు సరికదా, నెలకి ఇంత అని కట్టాలి. అప్పుడు 400 డాలర్లు, 2020 జూలై నుంచి 500. కొంత తల్లిదండ్రులు, కొంత హైస్కూల్లో పార్ట్‌టైమ్ పని చేసి దాచుకున్నది. ఇట్లా ఏ సమయంలో చూసినా ప్రపంచంలో పదుల వేలమంది పిల్లలు ఈ పని మీదే ఉంటారు.

ఎక్కడికి వెళ్లినా ముందు ట్రైనింగ్. అన్నిటికన్నా పెద్ద సెంటర్ యూటాలోని ప్రోవో ఊళ్లో, వాళ్ల బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పక్కనే. భాష తెలిసిన చోటికి వెళ్లేవాళ్లకి రెండు మూడు వారాలు చాలు. చైనీస్ లాంటిది నేర్చుకోవాలంటే తొమ్మిది వారాల దాకా. లోపలికి వెళ్లిన రోజు నుంచి పేరు పోతుంది. అబ్బాయి అయితే ‘ఎల్డర్’, పక్కన ఇంటిపేరు. అమ్మాయి అయితే ‘సిస్టర్’. తెల్ల చొక్కా, టై, నల్ల నేమ్ ట్యాగ్. ఆరున్నరకి లేవాలి, పదిన్నరకి లైట్లు ఆర్పాలి. మధ్యలో మూడేసి గంటల క్లాసులు, సొంత చదువు, జోడీతో కలిసి చదువు, ఒక గంట ఆట. సినిమాలు లేవు, ప్రేమలు లేవు. కాఫీ టీలు వాళ్ల మతంలో ఎటూ లేవు. వారానికి ఒక్క రోజు బట్టలుతుక్కోడానికీ ఇంటికి రాసుకోడానికీ సెలవు. ఆయన టైమ్‌లో ఇంటికి ఫోన్ ఏడాదికి రెండే సార్లు: క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ. 2019 ఫిబ్రవరి నుంచే వారానికోసారి మాట్లాడొచ్చని మార్చారు.

ఇది చదువుతుంటే మీకెవరు గుర్తొస్తున్నారు?

నాకైతే నవ్వాగలేదు. బాబోయ్, ఇది మన రెసిడెన్షియల్ ఇంటర్! కాకపోతే మాకు ఆరున్నర అంటే లగ్జరీ. ఐదింటికి వార్డెన్ తలుపు మీద కర్రతో కొట్టుకుంటూ వెళ్లేవాడు. ఆదివారం ఫోన్ కోసం క్యూ, ఐదు నిమిషాలు. వెనకున్నవాడు “ఒరేయ్ అయిందా” అని గొణుగుతుంటే అమ్మతో “బాగానే ఉన్నా” తప్ప ఇంకేం చెప్తాం. అందుకే నా ఫ్రెండ్స్ ఈ వీడియోలు చూసి “పిచ్చోళ్లురా, బ్రెయిన్‌వాష్” అన్నప్పుడు నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. మనం పదిహేనేళ్లకే రెండేళ్లు ఇచ్చేశాం కదా. ఎవరికిచ్చాం, ఎందుకిచ్చాం అని ఒక్కడైనా అడిగాడా? వాడికి కనీసం నేను దేవుడి కోసం వచ్చానని చెప్పుకోడానికి ఒకటుంది. మనం ర్యాంకు కోసం వెళ్లి, ఆ ర్యాంకు రాక, ఇక్కడ కలిశాం. (సారీ. సీఎస్ఈ వచ్చింది కదా, అదే పదివేలు.)

సరే, వెక్కిరింపు ఆపి విషయానికొస్తా. వాళ్లలో నాకు నిజంగా నచ్చింది భాష నేర్పే పద్ధతి. టీమ్మేట్ చెప్పినదాని ప్రకారం, మొదటి రోజు టీచర్ లోపలికొచ్చి చైనీస్‌లో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఇంగ్లీష్ లేదు. ఈయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదట నేర్పింది హలో కూడా కాదు, ప్రార్థన చెయ్యడం. తర్వాత ‘నేను ఇది నమ్ముతున్నాను’ అని చెప్పడం. మూడో రోజుకే ఒక గదిలోకి పంపారు. అక్కడ ఒకాయన కూర్చుని ఉన్నాడు, తైవాన్ వ్యక్తిలా నటిస్తూ. ఆయనకి మతం గురించి ఇరవై నిమిషాలు చైనీస్‌లో చెప్పాలి. ఈయన, ఈయన జోడీ చెమటలు కక్కుతూ కాగితం చూసి నాలుగు వాక్యాలు చదివారు. ఆ పెద్దమనిషి ఏదో ప్రశ్న అడిగాడు. అర్థం కాలేదు. ఇద్దరూ ‘అవును, అవును’ అన్నారు. బయటికొచ్చాక తెలిసింది, ఆయన అడిగింది “మీ నాన్నగారు చనిపోయారా?” అనట. రెండో వారంలో ఆ నటించిన మనిషే వాళ్ల టీచర్‌గా క్లాసుకొచ్చాడు. ఇది అక్కడ మామూలేనట.

ఆదివారాలు ఇంకా ఘోరం. అందరూ ఆ భాషలో ఒక చిన్న ప్రసంగం రాసుకుని రావాలి. ఎవరు మాట్లాడాలో మీటింగ్ మొదలయ్యాకే పేరు పిలుస్తారు. ల్యాబ్ వైవాలో రోల్ నంబర్ పిలిచేదాకా గుండె ఎలా కొట్టుకుంటుందో అట్లా ప్రతి వారం.

ఇది విన్నప్పుడు నాకు సిగ్గేసింది. ఎందుకంటే నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవాళ్లు. ఇంట్లో తెలుగే, క్రికెట్‌లో తెలుగే, తిట్లు తెలుగే. కానీ నేను దేన్ని నమ్ముతాను, ఎందుకు నమ్ముతాను అని తెలుగులో వరసగా ఐదు నిమిషాలు చెప్పమంటే రెండో వాక్యంలో ‘బేసికల్లీ’ వచ్చేస్తుంది. ఈ వ్యాసం రాయడానికే నాలుగు రోజులు పట్టింది, మా క్లబ్ సీనియర్ ఒకక్క వత్తులు దిద్దింది. యూటా కుర్రాడు తొమ్మిది వారాల్లో చైనీస్‌లో తన మనసులోది చెప్పడానికి తడబడుతూనైనా సిద్ధమయ్యాడు. నేను పంతొమ్మిదేళ్లుగా తెలుగులో బతుకుతూ సిద్ధం కాలేదు. ముందు మాట్లాడు, తప్పులు చెయ్యి, తర్వాత వస్తుంది. అంతే వాళ్ల పద్ధతి. మన క్లబ్ వాళ్లు దీన్ని కాపీ కొట్టాలని నా అభిప్రాయం. గురువారం మీటింగ్‌లో కవితలు చదవడంతో పాటు, చీటీ తీసి, పేరొచ్చినవాడు లేచి ఐదు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. కాగితం చూడకుండా. ఫైన్ మాత్రం వద్దు.

ఇక్కడిదాకా పొగిడాను కాబట్టి ఇప్పుడు ఇబ్బంది పెట్టిన విషయం.

వాళ్లు సాక్ష్యం చెప్పేటప్పుడు సాధారణంగా ‘నమ్ముతున్నాను’ దగ్గర ఆగరు, ‘నాకు తెలుసు’ అంటారు. ఈ సంఘం నిజమైనదని నాకు తెలుసు, ఈ గ్రంథం నిజమని నాకు తెలుసు. వీడియోల్లో చిన్నపిల్లలు కూడా అట్లాగే అంటారు. ప్రార్థన చేసి దేవుణ్ణే అడుగు, లోపల ఒక వెచ్చదనం, ఒక ప్రశాంతత వస్తుంది, అదే జవాబు అని నేర్పుతారు. మరి రాకపోతే? ట్రైనింగ్ సెంటర్‌లో చాలామందికి మొదటిసారి వచ్చే భయం ఇదేనట. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మానాన్నల నమ్మకం మీద నడిచిపోతుంది. ఇక్కడ రేపు పొద్దున ఒక కొత్త మనిషి కళ్లలోకి చూసి చెప్పాలి. టీమ్మేట్ నాలుగో వారంలో రాత్రిపూట బాత్రూమ్‌లో కూర్చుని ప్రార్థన చేసేవాడట. ఎందుకంటే ఒంటరిగా ఉండే చోటు అదొక్కటే. జోడీ ఎప్పుడూ పక్కన ఉండాలని రూలు. ఒకరికొకరు కనిపించేంత, వినిపించేంత దూరంలో ఉండాలి. “జవాబు వచ్చిందా?” అని అడిగా. ఆయన కాసేపు ఆలోచించి, “అప్పుడు రాలేదు. తైచుంగ్‌లో పది నెలల తర్వాత ఒక రోజు వచ్చిందనుకుంటా. ఈలోపు ‘తెలుసు’ అని కొన్ని వందలసార్లు చెప్పేశా” అన్నాడు.

ఇందులో రహస్యమేమీ లేదు. బాయిడ్ ప్యాకర్ అని వాళ్ల పెద్దల్లో ఒకాయన ఉండేవారు. సాక్ష్యం అనేది చెప్తూ ఉంటేనే దొరుకుతుంది అనే అర్థంలో ఆయన 1980లలో చెప్పిన మాట వాళ్లలో చాలా ప్రసిద్ధం. అంటే చైనీస్‌కి ఏ సూత్రమో దేవుడికీ అదే సూత్రం. ముందు పలుకు, తర్వాత వస్తుంది.

నేను మెషిన్ లెర్నింగ్ ఎలెక్టివ్ తీసుకున్నవాణ్ణి కదా, నాకు వెంటనే తట్టింది ఏంటంటే, ఒక మోడల్‌ని దాని సొంత జవాబుల మీదే మళ్లీ మళ్లీ ట్రెయిన్ చేస్తే దానికి కాన్ఫిడెన్స్ పెరుగుతుంది. కరెక్ట్ అవ్వాలని ఏం లేదు. భాషలో తప్పు మాట్లాడితే హోటల్ ఓనరమ్మ నవ్వుతుంది, సరిదిద్దుతుంది, అన్నానికి బదులు ఇంకేదో తెచ్చి పెడుతుంది. నీ తప్పు నీకు తెలుస్తుంది. ‘దేవుడు ఉన్నాడని నాకు తెలుసు’ అని వందసార్లు అంటే ఎవరు సరిదిద్దుతారు? చుట్టూ ఉన్నవాళ్లందరూ తలూపేవాళ్లే. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి అది అన్యాయం అని నాకనిపిస్తుంది. ‘ఇంకా తెలీదు, వెతుకుతున్నా’ అని చెప్పే వాక్యం కూడా ఆ మొదటి వారం పాఠాల్లో ఉంటే బావుండేది.

ఈ మాట టీమ్మేట్‌తో అనలేదు, అన్నయ్యతో అన్నా. అన్నయ్య ఫోన్‌లో నవ్వి, “మరి నువ్వు మాల వేసినప్పుడో?” అన్నాడు.

దొరికిపోయా. ఫస్ట్ ఇయర్‌లో నాన్నతో పాటు అయ్యప్ప మాల వేశాను. నమ్మకం ఉండి కాదు. నాన్న అడిగాడు, ఇంటర్ రెండేళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడింది లేదు, సరే అన్నా. నలభై ఒక్క రోజులు తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, కాళ్లకి చెప్పుల్లేకుండా ల్యాబ్‌కి, చాప మీద పడక. పేరు పోయింది, అందరూ స్వామే. మా అమ్మ “స్వామీ, భిక్షకి రండి” అని నన్ను బహువచనంలో పిలుస్తుంటే మొదటి మూడు రోజులు ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రం పీఠం దగ్గర శరణుఘోష. నాకు ఏమీ అనిపించకుండానే గొంతు కలిపా. ఇరవయ్యో రోజో ఇరవై రెండో రోజో, చలికి వణుకుతూ నాన్న పక్కన నిలబడి చెప్తుంటే లోపల ఏదో కదిలింది. అది అయ్యప్పో, నాన్న పక్కన ఉండటమో, ఖాళీ కడుపో నేను చెప్పలేను. కానీ అబద్ధం అయితే కాదు.

కాబట్టి నా మోడల్ ఉదాహరణ పూర్తిగా నిలబడదని ఒప్పుకుంటున్నా. పలకడం వల్ల పుట్టినంత మాత్రాన అది డొల్ల అవ్వదు. అయినా ఒక తేడా ఉంది. మాల తీసేశాక నన్ను ఎవరూ ‘ఇప్పుడు నీకు తెలుసా’ అని అడగలేదు. ఇంకొకరి ఇంటి తలుపు కొట్టి ఒప్పించమనలేదు. మా గురుస్వామి అయితే, మండలం మధ్యలో జ్వరం వచ్చి మాల తీసేసిన ఒక కుర్రాడితో “మళ్లీ ఏడు చూద్దాంలే” అన్నారంతే, వాడికి ప్రసాదం కూడా పంపారు. అక్కడ అంత తేలిక కాదు.

మధ్యలో తిరిగి వచ్చేసేవాళ్ల సంగతి చెప్తున్నా. అనారోగ్యంతోనో, ఆందోళనతోనో, నమ్మకం కుదరకో కొంతమంది రెండేళ్లు నిండకుండా ఇంటికొచ్చేస్తారు. కొంతమంది ట్రైనింగ్ సెంటర్ నుంచే. పూర్తి చేసి వచ్చినవాడికి ఎయిర్‌పోర్ట్‌లో బ్యానర్లు, బెలూన్లు. ముందే వచ్చినవాడు అమ్మానాన్నలతో నిశ్శబ్దంగా కారెక్కుతాడు. ఆదివారం చర్చిలో అందరూ ఆప్యాయంగానే పలకరిస్తారు, ఆ ఆప్యాయతే భరించలేం అని ఒకబ్బాయి వీడియోలో చెప్పాడు. టీమ్మేట్ మొదటి జోడీ ఆరో వారంలో వెళ్లిపోయాడట. పొద్దున లేచేసరికి పక్క మంచం ఖాళీ. వేరే జోడీని వేశారు, పదింటికి క్లాస్ మొదలైంది. “తర్వాత మాట్లాడారా?” అన్నా. “పెళ్లికి పిలిచాడు. వెళ్లలేదు” అన్నాడు. ఆ గంట మొత్తంలో ఆయన కెమెరా వైపు చూడకుండా మాట్లాడింది ఆ ఒక్క మాటే.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నాకూ ఒక జోడీ ఉండేవాడు. సీనియర్ ఇంటర్‌లో నా కింద బెడ్. భీమవరం దగ్గర పల్లె. ఫిజిక్స్‌లో నాకన్నా మెరుగు, చెప్పాలంటే. వీకెండ్ టెస్టుల ర్యాంకులు గోడ మీద అతికించిన ప్రతి సోమవారం టిఫిన్ తినేవాడు కాదు. అక్టోబరులో ఒక రోజు వాళ్ల నాన్న ట్రంకు పెట్టె మోసుకుంటూ మెట్లు దిగడం చూశా. లెక్చరర్ క్లాసులో “వీక్ ఫెలోస్ వెళ్లిపోతారు, మీరు పని చూసుకోండి” అన్నాడు. మేం పని చూసుకున్నాం. సాయంత్రానికి ఆ బెడ్ మీద వేరేవాడి పరుపు ఉంది. తర్వాత ఫోన్లు వచ్చాయి, వాట్సాప్ గ్రూపులు వచ్చాయి, రెండేళ్లు గడిచాయి. నేను వాడికి ఒక్క మెసేజ్ పెట్టలేదు.

అందుకే మోర్మన్ మిషన్ మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, పొద్దున ఆరున్నరకి లేపడాన్ని బట్టీ, టై కట్టించడాన్ని బట్టీ నేను చెప్పను. మధ్యలో వచ్చేసిన పిల్లాణ్ణి ఆ ఊరు ఎట్లా చూస్తుందో దాన్ని బట్టి చెప్తా. ఆ లెక్కన వాళ్లకి మార్కులు తక్కువే, మనకి ఇంకా తక్కువ. వాళ్లు కనీసం ఈ మధ్య దాని గురించి బాహాటంగా మాట్లాడుకుంటున్నారు. మనం మాట్లాడటానికి ఒక మాట కూడా పెట్టుకోలేదు. ‘డ్రాపవుట్’ అంటాం, అది కూడా ఇంగ్లీషే.

పోయిన ఆదివారం ఆ ఫ్రెండ్ నంబర్ సంపాదించి ఫోన్ చేశా. గొంతు గుర్తుపట్టడానికి టైమ్ పట్టింది వాడికి. డిగ్రీ చేస్తున్నాడు, సాయంత్రాలు వాళ్ల నాన్న ఎరువుల కొట్లో కూర్చుంటాడట. సారీ చెప్పడానికి ఏవేవో మాటలు రెడీ చేసుకున్నా, ఒక్కటీ రాలేదు. వాడే అన్నాడు: “ఎందుకొచ్చేశావ్ అని ఒక్కడూ అడగలేదురా. మళ్లీ ఎప్పుడు వెళ్తావ్ అనే అడిగారు అందరూ.” నేను అప్పుడు అడిగా, ఎందుకొచ్చేశావ్ అని. చెప్పాడు. అది వాడి విషయం, ఇక్కడ రాయను.

వచ్చే సంచికకి ఎడిటర్ అక్క రెండు పేజీలు ఇస్తానంది. మీలో ఎవరైనా ఇంటర్ మధ్యలో ఇంటికొచ్చేసినవాళ్లుంటే, లేదా పక్క బెడ్ ఖాళీ అవడం చూసినవాళ్లుంటే, రాయండి. పేరు పెట్టక్కర్లేదు. వత్తులు తప్పులున్నా పర్లేదు, అక్క దిద్దుతుంది.